నేలలో ఉన్నది పైరుకు ఎందుకు అందదు? పావగడ ఎర్ర నేలల పోషకాలు, మారిన వానలు

మూడేళ్ళ కిందట మా అన్న ఒక కాగితం తెచ్చి నా ముందు పడేశాడు. అది మణ్ణు ఆరోగ్య చీటి, అంటే భూసార పరీక్ష కార్డు. అందులో ‘సారజనక’ అనే మాటకు ఎదురుగా ‘కడిమె’ అని ఉంది. కన్నడ అక్షరాలు కూడబలుక్కుని చదివిన మా అన్న ఒకే ముక్క అన్నాడు: “చూసినావా, సర్కారోళ్ళే రాసిచ్చినారు. నేలలో సారం లేదంట. ఇది సచ్చిపోయింది. ఎవరికన్నా గుత్తకిచ్చేద్దాం.”

కన్నడంలో సారజనక అంటే నత్రజని. నేల సారమంతా అని దాని అర్థం కాదు. మన ఎర్ర నేలల్లో నత్రజని తక్కువని రావడం మామూలే, పైగా శెనక్కాయ తనకు కావలసిన నత్రజనిలో ఎక్కువ భాగం తానే గాలి నుంచి తెచ్చుకుంటుంది. అదే కార్డులో రంజక, అంటే భాస్వరం, ‘హెచ్చు’ అని ఉంది. సతు, అంటే జింకు, ‘కడిమె’ అని ఉంది. మా అన్న పట్టించుకోవలసిన వరస అది. ఒక మాట తెలియక నాలుగెకరాల తండ్రి ఆస్తి గుత్తకు పోయేదాకా వచ్చింది.

పావగడ తాలూకాలో తరతరాలుగా ఉంటూ ఇంట్లో తెలుగు, ఆఫీసులో కన్నడం నడిపే మన కుటుంబాలకు పనికొస్తుందని ఈ సంగతులు ఒకచోట చేర్చాను. నేను వ్యవసాయ శాస్త్రవేత్తను కాను. ముప్పై ఏళ్ళకు పైగా గుమాస్తాగా లెక్కల పుస్తకాలు రాసినవాణ్ణి. నేల సంగతి కూడా ఒక ఖాతా లాంటిదేనని చదివేకొద్దీ అర్థమైంది.

మన నేల ఎక్కడిది

రామనగర వైపు నుంచి తుమకూరు మీదుగా బళ్ళారి దిక్కుగా ఉత్తరానికి సాగే ఒక పొడవాటి గ్రానైటు పట్టీ ఉంది. రామనగర పాత పేరును బట్టి భూగర్భ శాస్త్రజ్ఞులు దాన్ని క్లోజ్‌పేట్ గ్రానైట్ అంటారు. వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. పావగడ కొండా, కోటా, చుట్టూ ఉన్న గుండ్లూ ఆ పట్టీలోవే. ఆ రాయి, దాని పక్కనుండే నైస్ రాయి కాలక్రమంలో చివికి మన ఎర్ర ఇసుక నేలలు అయ్యాయి.

రాతి గుణమే మట్టికి వచ్చింది. గులాబీ రంగు ఫెల్డ్‌స్పార్‌లో పొటాష్ ఉంటుంది కాబట్టి మన మట్టిలో దాని నిల్వ ఉంది, కానీ రాయి కరిగి బయటపడేది బహు నిదానంగా. ఇనుము తుప్పు పట్టినట్టు మారినందువల్లే మట్టికి ఎర్ర రంగు. ఆ ఇనుప తుప్పు భాస్వరాన్ని గట్టిగా పట్టుకుంటుంది. బంకమన్ను తక్కువ కాబట్టి నీరు గానీ కరిగిన ఎరువు గానీ ఎక్కువ సేపు నిలవవు. ఎండ ఎక్కువ కాబట్టి ఆకు, అలము, పేడ త్వరగా కరిగిపోతాయి. అందుకే సేంద్రియ కర్బనం అర శాతం దాటిన చేను మన దగ్గర అరుదుగానే కనిపిస్తుంది.

ఇదే గ్రానైటులోని కొన్ని ఖనిజాల నుంచి ఫ్లోరైడు లోతు నీళ్ళలోకి దిగుతుంది. తాగే నీటికి భారత ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే నీరు దొరకనప్పుడు గరిష్ఠంగా 1.5 మిల్లీగ్రాములు. మన తాలూకాలో బోరు నీళ్ళు తాగి పళ్ళు, కీళ్ళు పాడైన వాళ్ళు లేని ఊరు వెతకాలి. మట్టిలోని ఖనిజం మనిషికి మేలూ చేస్తుంది, కీడూ చేస్తుంది. ఎంత ఉంది అన్న దానితో పాటు ఏ రూపంలో, ఏ దారిన మన దాకా వస్తోంది అన్నది చూడాలి.

నిల్వ వేరు, అందుబాటు వేరు

బ్యాంకు పుస్తకంలో డబ్బు ఉంటుంది. కౌంటరు మూసి ఉంటే చేతికి రాదు. నేల కూడా అంతే. మట్టిలో ఒక పోషకం మొత్తం ఎంత ఉందన్నది నిల్వ. అందులో ఈ పంట కాలంలో వేరు తీసుకోగలిగింది అందుబాటు. రెండింటికీ చాలా తేడా. నత్రజనిలో దాదాపు అంతా సేంద్రియ పదార్థంలో కట్టుబడి ఉంటుంది. సూక్ష్మజీవులు దాన్ని విడగొట్టి అమ్మోనియం, నైట్రేటు రూపంలోకి మార్చాకే వేరుకు అందుతుంది.

మెట్ట సేద్యంలో ఈ కౌంటరు తెరిచేదీ, మూసేదీ తేమ. వేరు ఘన పదార్థాన్ని తినలేదు, నీటిలో కరిగినదాన్నే తీసుకుంటుంది. నైట్రేటు, గంధకం, బోరాన్ వంటివి నీటితో పాటు నడిచి వేరు దగ్గరకు వస్తాయి. భాస్వరం, జింకు అంత దూరం నడవలేవు. మట్టి రేణువుల చుట్టూ ఉండే పలుచని నీటి పొరలో కొద్దికొద్దిగా జరుగుతాయి. ఆ పొర ఎండితే అక్కడే ఆగిపోతాయి. నేలలో భాస్వరం నిండుగా ఉన్నా, ఇరవై రోజులు వాన లేకపోతే పైరు దృష్టిలో అది లేనట్టే.

మంచు నేలల్లో ఇదే కథ

ఈ మధ్య వార్తల్లో పర్మాఫ్రాస్ట్ అనే మాట వినిపిస్తోంది. వరసగా రెండేళ్ళు, అంతకంటే ఎక్కువ కాలం గడ్డకట్టి ఉండే నేలను అలా అంటారు. సైబీరియా, అలాస్కా, కెనడా ఉత్తర భాగాల్లో, టిబెట్ పీఠభూమిలో, మన దేశంలో లడఖ్ ఎత్తుల్లో అలాంటి నేలలున్నాయి. ఉత్తర ధ్రువం చుట్టూ ఉన్న మంచు నేలల్లో సుమారు లక్షన్నర కోట్ల టన్నుల సేంద్రియ కర్బనం ఉందని అంచనా. ఇప్పుడు గాలిలో ఉన్న కర్బనానికి అది దాదాపు రెట్టింపు. దానితో పాటే నత్రజని, భాస్వరం వేల ఏళ్ళుగా చలికి తాళం పడి ఉన్నాయి.

భూమి వేడెక్కి ఆ మంచు కరుగుతుంటే తాళం ఊడుతోంది. అయితే పోషకం విడుదలయ్యే వేళా, మొక్క పెరిగే వేళా కలవడం లేదు. అక్కడ నేల లోతు దాకా కరిగేది వేసవి చివరికి. అప్పటికి చాలా మొక్కలు ఎదుగుదల ఆపి ఆకు రాల్చే దశలో ఉంటాయి. లోతున విడుదలైన నత్రజనిని లోతు వేర్లున్న కొన్ని జాతులే అందుకోగలుగుతాయి. మిగిలింది నీటితో పోతుంది, లేదా సూక్ష్మజీవుల చేతిలో వాయువుగా మారి గాలిలో కలుస్తుంది.

పావగడకు మంచుతో పని లేదు. అక్కడ తాళం వేసింది చలి, ఇక్కడ తాళం వేసేది ఎండ. రెండు చోట్లా దెబ్బ ఒకటే: కౌంటరు తెరిచినప్పుడు తీసుకునే వాడు లేడు, తీసుకునే వాడు వచ్చేసరికి కౌంటరు మూసేశారు.

వాన తీరు మారితే నేలలో ఏమవుతుంది

మనకు ఏడాదికి పడేది ఐదారు వందల మిల్లీమీటర్లు. పక్కనున్న అనంతపురం సీమ కూడా ఇంతే. మొత్తం కన్నా అది పడే తీరు ముఖ్యం. 2021 నవంబరులో కోతల వేళకు విడవని వానలు పడి పంటలు కుళ్ళాయి. 2023లో రాష్ట్రంలోని 236 తాలూకాల్లో 223 కరువు తాలూకాలని ప్రభుత్వం ప్రకటించింది. ఇలా రెండు కొసలకు ఊగే వానకు నేల నాలుగు రకాలుగా స్పందిస్తుంది.

మొదటిది, తొలివాన పొంగు. ఎండాకాలమంతా ఎండిన మట్టి మీద మొదటి మంచి వాన పడగానే సూక్ష్మజీవులు ఒక్కసారిగా మేల్కొని నత్రజనిని విడుదల చేస్తాయి. 1958లో తూర్పు ఆఫ్రికాలో పనిచేసిన బర్చ్ అనే శాస్త్రవేత్త దీన్ని వివరంగా రాశాడు, ఆయన పేరే దానికి పెట్టారు. మన పెద్దవాళ్ళకు శాస్త్రం తెలియకపోయినా తొలకరికే విత్తాలన్న తొందర ఉండేది. ఆ పొంగు నాటికి నేలలో విత్తనం ఉంటే లాభం. ఇప్పుడు ఏప్రిల్, మేలలో గట్టి వాన పడి, మళ్ళీ జూన్ అంతా ఎండితే ఆ నత్రజని పైరు రాకముందే ఖర్చయిపోతుంది.

రెండోది, నడుమ ఎండ. జులై, ఆగస్టులో మూడు నాలుగు వారాలు వాన ముఖం చాటేస్తే పైపొర ముందు ఎండుతుంది. మన నేలల్లో పోషకాలు ఎక్కువగా ఉండేది ఆ పై ఐదారు అంగుళాల్లోనే. వేరు లోతుకు పోయి నీళ్ళు తెచ్చుకున్నా అక్కడ తిండి ఉండదు. శెనక్కాయ వేరు మీది బుడిపెల్లో నత్రజనిని పట్టే బాక్టీరియా కూడా తేమ లేకపోతే పని ఆపేస్తుంది.

మూడోది, కుండపోత. ఒక్క రాత్రిలో వంద మిల్లీమీటర్లు కురిస్తే వాలు చేలల్లో మెత్తటి మన్ను ముందు కొట్టుకుపోతుంది. సేంద్రియ పదార్థం, భాస్వరం, జింకు అంటుకుని ఉండేది ఆ మెత్తటి మన్నునే. గరుకు ఇసుక మిగులుతుంది. నైట్రేటు, గంధకం, బోరాన్ మాత్రం నీళ్ళతో కిందికి దిగిపోతాయి.

నాలుగోది, వేడి. నేల వేడెక్కే కొద్దీ, తేమ ఉన్నంతకాలం, సేంద్రియ పదార్థం వేగంగా కరుగుతుంది. వేసిన పేడ ఎరువు అంతకుముందు మూడేళ్ళు నిలిస్తే ఇప్పుడు అంతకంటే తక్కువ కాలం నిలుస్తుంది. అంటే కొద్దికొద్దిగానైనా ఏటా వేయక తప్పదు.

శెనక్కాయ, సున్నం: మన ఇంటి ఉదాహరణ

కార్డులో లేని పోషకం ఒకటి మన పంటకు ప్రాణం. అది కాల్షియం, పాత మాటలో సున్నం. శెనక్కాయ మొక్క వేరుతో తీసుకున్న కాల్షియం నీటితో పాటు ఆకులకు ఎక్కుతుంది, మళ్ళీ కిందికి కాయలోకి దిగదు. నేలలో ఉన్న కాయ తనకు కావలసిన సున్నాన్ని తన తొక్క ద్వారా చుట్టూ ఉన్న మట్టి నుంచే తీసుకోవాలి. ఊడలు దిగి కాయ ఊరే రోజుల్లో పై రెండు మూడు అంగుళాల మట్టిలో కాల్షియం ఉండాలి, దాన్ని కరిగించే తేమా ఉండాలి. రెండింట్లో ఏది లేకపోయినా లొట్టకాయలే.

జిప్సం వేసేది అందుకే. అందులో కాల్షియం సుమారు 23 శాతం, గంధకం సుమారు 18 శాతం. ఎకరానికి 200 కిలోలు పూత, ఊడల దశలో, చివరి కలుపుతో పాటు సాళ్ళ పక్కన వేసి మట్టి ఎగదోయాలని సిఫారసు.

ఒక ఏడాది మా అన్న జిప్సం తెచ్చి, పని తెమిలిపోతుందని ఎండిన నేల మీద చల్లేశాడు. ఆ తర్వాత నెల రోజులు వాన లేదు. కాయలు పీకితే సగం లొట్టలు. “జిప్సం అంతా మోసం” అని ఊరంతా చెప్పాడు. మోసం జిప్సంలో లేదు. కరగని జిప్సం తెల్లటి మన్ను, అంతే. మరుసటి ఏడాది బస్తాలు ఇంట్లోనే ఉంచుకుని, వాన పడి నేల పదునైన రెండో రోజు సాళ్ళలో వేశాడు. కాయ బరువు తెలిసింది. అదే నేల, అదే జిప్సం. మారింది వేళ ఒక్కటే.

మిగతా పోషకాలు క్లుప్తంగా

భాస్వరం: ఏటా డీఏపీ వేస్తే మిగిలినది ఎర్ర మట్టికి అంటుకుని పేరుకుంటుంది. మరీ ఎక్కువైతే జింకు అందకుండా అడ్డుపడుతుంది. కార్డులో రంజక హెచ్చుగా ఉంటే ఆ డబ్బు మిగుల్చుకోవచ్చు.

జింకు: పరీక్షలో మట్టికి 0.6 పీపీఎం కంటే తక్కువ వస్తే లోపమని లెక్క. ఎకరానికి 20 కిలోల జింకు సల్ఫేటు మూడు పంటలకు ఒకసారి వేస్తారు. దాన్ని డీఏపీతో గానీ సూపర్ ఫాస్ఫేటుతో గానీ కలిపి వేయకూడదు. పైరు మీద లోపం కనిపిస్తే లీటరు నీటికి 2 గ్రాములు కలిపి పిచికారీ చేస్తారు.

గంధకం: నూనె గింజలకు తప్పనిసరి. 10 పీపీఎం కంటే తక్కువైతే లోపం. వెనకటి సూపర్ ఫాస్ఫేటులో గంధకం ఉండేది, డీఏపీకి మారాక ఆ రాబడి ఆగిపోయింది. జిప్సంతో అది మళ్ళీ వస్తుంది.

బోరాన్: 0.5 పీపీఎం కంటే తక్కువైతే శెనగ్గింజ నడుమ గుంత పడి రంగు మారుతుంది. చాలినంతకూ, విషమయ్యేంతకూ తేడా చాలా తక్కువ కాబట్టి పరీక్ష లేకుండా వేయరాదు.

ఇనుము: ఎర్ర మట్టిలో ఇనుముకు కరువా అనిపిస్తుంది. సుద్ద ఉన్న చెలకల్లో, ఉప్పు బోరు పారిన చోట లేత ఆకులు పసుపై, తర్వాత తెల్లబడతాయి. ఇనుము ఉంది, వేరుకు అందే రూపంలో లేదు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి పిచికారీ చేస్తే ఆకు పచ్చబడుతుంది.

పొటాష్: ఆకు తన రంధ్రాలు మూసుకుని నీరు కాపాడుకోవడానికి ఇది కావాలి. బెట్ట ఏడాదుల్లో దీని విలువ తెలుస్తుంది.

ఇవి ఒక్క పావగడ కష్టాలు కావు. 2009లో కర్ణాటక వ్యవసాయ శాఖ, హైదరాబాద్ దగ్గరున్న ఇక్రిశాట్ కలిసి భూచేతన పథకం మొదలుపెట్టి జిల్లాల వారీగా మట్టి పరీక్షలు చేయించినప్పుడు మెట్ట భూముల్లో గంధకం, జింకు, బోరాన్ లోపాలు విస్తారంగా బయటపడ్డాయి. అంతవరకు రైతుకు తెలిసిన ఎరువులు యూరియా, డీఏపీ, పొటాష్ మాత్రమే.

బోరు నీటి మాట

వాన తప్పే కొద్దీ బోరు మీద ఆధారం పెరుగుతుంది. లోతు నీళ్ళలో బైకార్బొనేటు ఎక్కువగా ఉంటే ఏళ్ళ తరబడి పారించిన మడిలో మట్టి క్షార గుణానికి తిరుగుతుంది. కార్డులో రససార, అంటే ఉదజని సూచిక, 6.5 నుంచి 7.5 దాకా ఉంటే అన్ని పోషకాలూ బాగా అందుతాయి. 8 దాటితే జింకు, ఇనుము, భాస్వరం తాళం పడతాయి. కాబట్టి బోరు కింద సాగు చేసేవాళ్ళు మట్టితో పాటు నీటినీ పరీక్షకు ఇవ్వాలి. ఆ నీళ్ళే తాగుతుంటే ఫ్లోరైడు పరీక్ష విడిగా చేయించుకోవాలి.

కార్డు చదవడం: కన్నడ మాటలకు తెలుగు

భూసార కార్డు పథకాన్ని కేంద్ర ప్రభుత్వం 2015 ఫిబ్రవరి 19న ప్రారంభించింది. కార్డులో పన్నెండు అంశాలుంటాయి. మనకు వచ్చేది కన్నడంలో. మాటలు దగ్గరగానే ఉంటాయి, అందుకే పొరపాటు పడతాం.

- సారజనక: నత్రజని (నేల సారం అని కాదు)
- రంజక: భాస్వరం
- పొట్యాష్: పొటాష్
- గంధక: గంధకం
- సతు: జింకు (మన సత్తు గిన్నెల సత్తు కాదు)
- కబ్బిణ: ఇనుము
- తామ్ర: రాగి
- మ్యాంగనీస్, బోరాన్: అవే మాటలు
- సావయవ ఇంగాల: సేంద్రియ కర్బనం
- రససార: ఉదజని సూచిక, అంటే మట్టి ఆమ్లమా క్షారమా అన్నది
- లవణాంశ: మట్టిలోని ఉప్పు
- కడిమె, మధ్యమ, హెచ్చు: తక్కువ, మధ్యస్థం, ఎక్కువ

ముందు సావయవ ఇంగాల చూడండి. అది 0.5 శాతం కంటే తక్కువైతే మిగతా ఏ ఎరువూ పూర్తిగా పనిచేయదు. తర్వాత రససార. ఆ రెండూ చూశాకే మిగతావి.

ఇంకో ముఖ్య విషయం. పథకం మొదలైనప్పుడు మెట్ట భూమిలో పది హెక్టార్లకు ఒక నమూనా తీసి ఆ చుట్టుపక్కల రైతులందరికీ అదే ఫలితం ఇచ్చే పద్ధతి పెట్టారు. మీ చేతిలో పాత కార్డు ఉంటే ఆ మట్టి మీ చేలోదే అయి ఉండాలని లేదు. అనుమానముంటే మీ మట్టి మీరే తీసుకెళ్ళండి.

మట్టి తీసే పద్ధతి

పావగడ కసబా, వై.ఎన్. హొసకోట, నాగలమడికె, నిడగల్ హోబళి వాళ్ళు తమ రైత సంపర్క కేంద్రంలో అడగవచ్చు. మట్టి తీయడానికి ఏప్రిల్, మే నెలలు మంచివి. అప్పటికి ఎరువు వేయకూడదు. ఎకరంలో అటూ ఇటూ మెలికలుగా నడుస్తూ ఎనిమిది పది చోట్ల పైచెత్త తీసి, వి ఆకారంలో ఆరంగుళాల గుంత తవ్వి, పక్క గోడ నుంచి పైనుంచి కిందికి సమంగా మట్టి గీకాలి. గట్ల పక్క, చెట్ల కింద, దిబ్బ ఉన్న చోట, మంద కట్టిన చోట తీయకూడదు. అంతా కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు పారేసి, మళ్ళీ కలిపి, అర కిలో మిగిలేదాకా అలాగే చేయాలి. నీడలో ఆరబెట్టాలి.

తట్టగా ప్లాస్టిక్ బకెట్టు వాడండి. జింకు పూత ఉన్న రేకు బకెట్టులో మట్టి కలిపితే జింకు లెక్క తప్పు వస్తుంది. పాత యూరియా సంచిలో మట్టి నింపడం అంతకన్నా పెద్ద తప్పు.

ఏం చేస్తే కౌంటరు ఎక్కువ రోజులు తెరిచి ఉంటుంది

వానను మనం మార్చలేం. పడిన తేమను నాలుగు రోజులు ఎక్కువ నిలిపితే పోషకం నాలుగు రోజులు ఎక్కువ అందుతుంది. దానికి కావలసినవన్నీ మన పెద్దలు చేసినవే.

చెరువు మట్టి: వాన కోసుకుపోయిన మెత్తటి మన్ను చేరేది చెరువులోకే. పూడిక తీసి చేనికి తోలడమంటే పోయిన సొమ్మును వెనక్కి తెచ్చుకోవడం. ఇసుక నేలలో బంకమన్ను పెరిగి తేమ నిలుస్తుంది. చెరువు ఎండిన ఏడాదే ఈ పని కుదురుతుంది కాబట్టి కరువు ఏడాదిని వదులుకోకండి. తోలే ముందు ఆ మట్టిలో ఉప్పు ఉందేమో పరీక్ష చేయించండి.

గొర్రెల మంద: రాత్రిళ్ళు మంద కట్టిస్తే పేడ, మూత్రం నేరుగా నేలకు పడతాయి. ఎండ తగలకముందే దున్ని కలిపితే నత్రజని గాలికి పోదు.

పొట్టు, ఆకు: శెనక్కాయను మనం మొక్కతో సహా పీకేస్తాం. కట్టె పశువులకు, కాయ మండీకి. నేలకు మిగిలేది ఏమీ లేదు. ఎద్దులు పోయి ట్రాక్టర్లు వచ్చాక పేడ కూడా తగ్గింది. మన పక్కనున్న అనంతపురం వ్యవసాయ పరిశోధన స్థానంలో ఇలాంటి ఎర్ర నేలలోనే 1985లో ఒక ప్రయోగం మొదలుపెట్టి, ఇరవై ఏళ్ళ ఫలితాలు లెక్కగట్టారు. సిఫారసు చేసిన రసాయన ఎరువులో సగం, దానితో హెక్టారుకు నాలుగు టన్నుల శెనక్కాయ పొట్టు వేసిన మడులు పూర్తి రసాయన ఎరువు వేసిన మడుల కంటే మెరుగైన దిగుబడి ఇచ్చాయి. నేలలో కర్బనమూ నిలిచింది. ఎకరం లెక్కకు అది సుమారు టన్నున్నర పొట్టు. అంత దొరకని వాళ్ళు గట్ల మీద కానుగ (హొంగె), గ్లిరిసీడియా పెంచి ఏడాదికి రెండుసార్లు కొమ్మలు నరికి చేలో వేయవచ్చు.

అడ్డం దున్నడం, గట్లు: వాలుకు అడ్డంగా సాళ్ళు వేస్తే నీరు నిలుస్తుంది, మన్ను నిలుస్తుంది.

వేళ చూసి వేయడం: యూరియా పొడి నేల మీద చల్లితే కొంత గాలిలో కలిసిపోతుంది. పదును చూసి, విడతలుగా, కొద్దికొద్దిగా వేయాలి. బెట్ట నడుస్తుంటే నేలకు వేసే బదులు ఆకు మీద పిచికారీ నయం.

తినే గింజలో

పోషకం చివరికి చేరేది మన కంచంలోకి. 2014లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన ప్రకారం, గాలిలో కార్బన్ డయాక్సైడు ఈ శతాబ్దం నడుమకు ఉండబోయే స్థాయికి పెరిగితే గోధుమ, వరి వంటి పంటల గింజల్లో జింకు, ఇనుము తగ్గుతాయి. జొన్న, మొక్కజొన్న వంటి వాటిపై ఆ ప్రభావం తక్కువగా కనిపించింది. మన రాగి, కొర్ర కూడా ఆహారం తయారుచేసుకునే పద్ధతిలో జొన్న వర్గానివే. రేషన్ బియ్యం వచ్చాక ముద్దను పక్కన పెట్టిన ఇళ్ళు ఈ సంగతి ఆలోచించాలి. చేలో జింకు తక్కువైతే గింజలోనూ తక్కువే, అది పిల్లల ఒంట్లోనూ తక్కువే.

మా నాలుగెకరాలు

తిరుమణి, వల్లూరు, బలసముద్రం వైపు పదమూడు వేల ఎకరాల్లో సోలార్ పార్క్ వచ్చాక మన తాలూకాలో భూమికి గుత్త అనేది స్థిరమైన రాబడి అయింది. ఇచ్చిన వాళ్ళను తప్పుపట్టడానికి లేదు. కరువు ఎంత కాల్చిందో వాళ్ళకు తెలుసు. అయితే ఇవ్వాలా, ఉంచుకోవాలా అన్నది నేల సంగతి తెలుసుకుని తేల్చుకోవాలి. కార్డులో ఒక మాట తప్పు చదివి తేల్చుకోకూడదు.

మా అన్న ఆ ఏడాది డీఏపీ మానేశాడు. ఆ డబ్బుతో జింకు సల్ఫేటు, జిప్సం తెచ్చాడు. ఎండాకాలంలో ఊరి చెరువు నుంచి చెరువు మట్టి తోలాడు. పంట బంగారం పండిందని చెప్పను. ఒక ఏడాది వాన ఆదుకుంది, ఒక ఏడాది ముంచింది. కానీ లొట్టలు తగ్గాయి, ఎరువు ఖర్చు తగ్గింది, “నేల సచ్చిపోయింది” అన్న మాట ఇంట్లో మళ్ళీ వినపడలేదు.

మన సంఘం గదికి వచ్చే వాళ్ళెవరైనా ఇంట్లో బీరువాలో పడి ఉన్న కార్డు వెంట తీసుకురండి. కూర్చుని వరస వరసగా చదువుకుందాం. ఏప్రిల్ దాటకముందే వస్తే కొత్త మట్టి పంపడానికీ వీలుంటుంది.